సూదివైపు చూడకండి

“మంగళవారం పొద్దున్న పది గంటల పది నిమిషాలకి,” అంది ఆ అమ్మాయి. ఆ మాట అనడం అది నాలుగోసారి.

డిటెక్టివ్ నాలుగోసారి కూడా ఓపిగ్గా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అబద్ధం చెప్పేవాళ్ళు నాలుగోసారికి ఏదో ఒకటి చేరుస్తారు, నిజం చెప్పేవాళ్ళు విసుక్కుంటారు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో తేల్చుకున్న సంగతి అది. ఈ పిల్ల చేర్చడమూ లేదు, విసుక్కోవడమూ లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

వాళ్ళున్నది ఆసుపత్రి శిక్షణ గది. ఆరు మంచాలు, మంచానికో ప్లాస్టిక్ రోగి. స్వదేశం నుంచి నర్సింగ్ విద్యార్థినులు ఆరుగురు మూడు నెలల శిక్షణకి ఈ ఊరొచ్చారు. ఉదయం పూట చుట్టుపక్కల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ళకి బీపీ చూస్తారు, ఇన్సులిన్ ఇస్తారు, అది ఎలా ఇవ్వాలో ఇంట్లోవాళ్ళకి నేర్పుతారు. మధ్యాహ్నం నుంచి వార్డుల్లో పని. ఆరుగురిలోకీ చిన్నది ఈ పిల్ల. చూస్తే గుప్పెడు మనిషి. తెల్లవారితే ఒక్క కేకతో తక్కిన ఐదుగురినీ మంచాల మీంచి లేపేస్తుందని హాస్టల్లో ‘అలారం’ అని పేరు పెట్టారు. పిట్ట కొంచెం, కూత ఘనం. మూడు రోజులుగా మాత్రం ఆ కూత వినపడటం లేదు.

ఇవాళ శుక్రవారం. రేపు పొద్దున్న విమానంలో ఆమెని వెనక్కి పంపించేస్తారు. ‘నిర్లక్ష్యంతో రోగి ప్రాణం మీదికి తెచ్చింది’ అని ఒక కాగితం కూడా వెంట పంపుతారు. ఆ కాగితం ఉన్నంతకాలం ఆమెకి ఎక్కడా నర్సు ఉద్యోగం రాదు.

డిటెక్టివ్‌ని నియమించింది ఈ పిల్లలు చదివే కాలేజీ. ఆయన ఈ దేశానికి వచ్చి స్థిరపడి చాలా కాలమైంది, ఇక్కడి మాటా మర్యాదా అన్నీ తెలుసు. ఆయన్ని చూసిన ఐదు నిమిషాలకే పిల్లలు ‘బాబాయ్ గారూ’ అనేశారు. ఆయన కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ పిలుపు విని లోపల కొంచెం కరిగిపోయాడు కూడా.

“సరే తల్లీ. నీ రోగి, ఆ అమ్మమ్మకి నువ్వు ఇన్సులిన్ ఇచ్చింది అప్పుడు. ఆ సాయంత్రం అయిదుంబావుకి ఆవిడ స్పృహ తప్పి ఉంటే చూసింది నువ్వే. అంబులెన్సుకి ఫోన్ చేసిందీ నువ్వే. ఆ వేళప్పుడు ఆ ఇంట్లో నీకేం పని?”

“తాతయ్య కళ్ళజోడు పొద్దున్న పొరపాటున నా సంచిలో వచ్చేసింది బాబాయ్ గారూ. ఇద్దామని వెళ్ళాను.”

“డాక్టర్లు ఏమంటున్నారు?”

“ఇన్సులిన్ రెండుసార్లు పడిందంటున్నారు. అందుకే షుగర్ అంత కిందికి దిగిపోయింది.”

“అమ్మమ్మకి తెలివొచ్చాక ఏం చెప్పింది?”

అలారం తల దించుకుంది. “ ‘అమ్మాయే ఇచ్చింది, తన గడియారం చూశాను, అయిదుకి ఇరవై నిమిషాలు తక్కువ’ అంది. ఆవిడ అబద్ధం ఆడదు. నేనంటే ప్రాణం ఆవిడకి.”

బాబాయ్‌ని మూడు రోజులుగా తినేస్తున్నది ఆ మాటే. కక్ష ఉన్న సాక్షి చెప్పే అబద్ధాన్ని విరిచెయ్యొచ్చు. ప్రేమ ఉన్న సాక్షి చెప్పే నిజాన్ని ఏం చెయ్యాలి?

ఆయన లేచి ఒక ఖాళీ కుర్చీలో కూర్చుని, చొక్కా అంచు రెండంగుళాలు పైకెత్తాడు. “నేనే అమ్మమ్మని. ఆరోజు ఎలా ఇచ్చావో అలా ఇయ్యి. సూది లేకుండా సుమా! నాకు సూదంటే చచ్చేంత భయం.”

మూడు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల పెదవి చివర నవ్వు మెదిలింది. ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. వేళ్ళ మధ్య ఉత్త పెన్ను పట్టుకుంది. పని మొదలుపెట్టగానే మనిషే మారిపోయింది. చేతుల్లో తడబాటు లేదు, గొంతులో వణుకు లేదు.

“సూదివైపు చూడకండి. నా గడియారం వైపు చూస్తూ ఉండండి. ముల్లు పది అడుగులు వేసేలోపు అయిపోతుంది.”

నర్సులు చేతికి గడియారం పెట్టుకోరు. యూనిఫారానికి, గుండెల దగ్గర, పిన్నుతో తగిలించుకుంటారు. బాబాయ్ బుద్ధిగా దానివైపే చూశాడు. తెల్లటి డయలు. అంకెలు లేవు, చుట్టూ పన్నెండు గీతలే.

“అయిపోయింది,” అంది అలారం.

బాబాయ్ కదల్లేదు. “నీ గడియారం ఆగిపోయిందా అమ్మా? తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.”

“లేదే! ఇప్పుడు రెండూ ఇరవై.” ఆమె గడియారాన్ని చేత్తో ఎత్తకుండానే తల వంచి చూసుకుని చెప్పింది.

ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై. మళ్ళీ ఆమె గడియారం చూశాడు. అప్పుడు ఆయన మొహం దీపం వెలిగించినట్టయింది.

“తలకిందులుగా వేలాడుతోంది!”

“అవును బాబాయ్ గారూ, అందరివీ అంతే. మేము తల వంచుకుంటే మాకు సరిగ్గా కనపడాలి కదా.”

“నీకు సరిగ్గా కనపడుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళకి?” బాబాయ్ పుస్తకంలో ఒక గుండ్రం గీశాడు. పది గంటల పది నిమిషాలకి ముళ్ళు ఎలా ఉంటాయో వేశాడు. పుస్తకాన్ని తిప్పి తలకిందులు చేశాడు. చిన్నముల్లు నాలుగు దాటి కొద్దిగా, పెద్దముల్లు ఎనిమిది మీద. అయిదుకి ఇరవై తక్కువ.

“మంచం మీద ఉన్న మనిషి, అందులోనూ ఒక కంటికి ఆపరేషనై కట్టుంది. గదికి పగలంతా కర్టెన్లు. పొద్దో సాయంత్రమో తెలీదు. తెలివొచ్చాక గుర్తున్నది గడియారం ఒక్కటే. ఎందుకంటే నువ్వే చూడమన్నావు. అమ్మమ్మ చూసిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే.”

అలారం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే ఆ కళ్ళలో సంతోషం లేదు. బాబాయ్ అది గమనించాడు. నిర్దోషి అని తేలుతున్న మనిషి ఇలా బెదిరిపోదు.

తలుపు తోసుకుని విచారణాధికారి లోపలికి వచ్చాడు. ఆసుపత్రిలో తప్పొప్పులు తేల్చే పెద్దమనిషి ఆయనే. కోటుకి, ప్యాంటుకి, ఆఖరికి జేబురుమాలుకి కూడా మడత నలగదు. పిల్లలు ఆయనకి ‘ఇస్త్రీ సార్’ అని పేరు పెట్టుకున్నారు. చంకలో ఆరు నీలం ఫైళ్ళు ఉన్నాయి.

“ఇంకా అవలేదా డిటెక్టివ్ గారూ? మీ పని నత్తనడక అని విన్నాను గానీ, మరీ ఇంతనుకోలేదు.”

“నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. కాస్త ఇలా వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి, మీకో వింత చూపిస్తాను.”

ఇస్త్రీ సార్ కూర్చున్నాడు, చూశాడు, రెండు క్షణాలు గతుక్కుమన్నాడు కూడా. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

“బాగుంది. సాయంత్రం సూది ఈ అమ్మాయి వేసిందనడానికి ఆ సాక్ష్యం పోయింది. మరి రెండో డోసు ఎవరు వేశారు? దెయ్యమా? అయిదింటికి ఈ అమ్మాయి ఆ వీధిలో నడుస్తూ కనపడింది. ఆ రోజు చార్టు సాయంత్రం అయిదున్నరకి గానీ కంప్యూటర్లోకి ఎక్కలేదు. పొద్దున్న పదింటి సంగతి రాయడానికి అంత ఆలస్యమా?”

“మా సూపర్‌వైజర్ మేడమ్ ఆరోజు పదకొండుకి ముందే సెలవు మీద వెళ్ళి సాయంత్రం వచ్చారు సార్,” అంది అలారం. “ఆవిడ సంతకం అయితేనే ఎక్కిస్తారు. తక్కిన ఇళ్ళవాటికి వెళ్ళేముందే సంతకాలు పెట్టారు. అమ్మమ్మది ఆఖరి ఇల్లు, ఆ చార్టు నేను పదకొండింటికే ఇచ్చేశాను.”

“అందుకే ఇవాళ జాగ్రత్తపడ్డాను.” ఇస్త్రీ సార్ చంకలోని ఫైళ్ళు తట్టాడు. “మీ ఆరుగురి చార్టులూ ఇళ్ళ నుంచి రాగానే పదకొండింటికే స్వాధీనం చేసుకున్నాను. విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ ఒక్క అక్షరం దిద్దడానికి వీల్లేదు.”

“అంత జాగ్రత్త మంచిదే,” అన్నాడు బాబాయ్. “పదండి, ఆ ఇల్లు చూద్దాం. నువ్వూ రా తల్లీ.”

“రోగుల ఇళ్ళలోకి ఆమె అడుగు పెట్టకూడదు. ఇవాళ ఆమె ఇళ్ళ నుంచి రాగానే ఆర్డరు ఇచ్చాను.”

“గేటు దగ్గర నిలబడుతుంది లెండి. గేటు మీద ఆర్డరు లేదుగా?”

ఆ ఇంటికి చేరేసరికి నాలుగైంది. చిన్న వంటిల్లు. కిటికీ పక్కన గోడకి టెలిఫోను, దాని కింద స్టూలు. స్టూలు మీద ఒక స్పాంజి ముక్క ఉంది. ముసలాయన సూది వెయ్యడం సాధన చేసింది దాని మీదే. ఆయన తలుపు తీసి పక్కకి నిలబడ్డాడు. ఇంట్లో ఒక్కడే ఉండటం అలవాటు లేని మనిషని చూస్తే తెలుస్తోంది. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి, తర్వాత ఒకటి తీసేశాడు.

బాబాయ్ ఫ్రిజ్ తెరిచి, సూది బిగించి వాడే ఇన్సులిన్ పెన్ను చూశాడు. వాడిన సూదులు వేసే గట్టి డబ్బా బోర్లించి, కాగితం మీద పెట్టి లెక్కపెట్టాడు. తర్వాత కొత్త సూదుల పెట్టె లెక్కపెట్టాడు.

“ముప్పై సూదుల పెట్టె. మంగళవారానికి తెరిచి తొమ్మిది రోజులు. రోజుకి ఒకటి చొప్పున వాడినవి తొమ్మిది ఉన్నాయి, సరిపోయింది. మిగిలినవి ఇరవై ఒకటి ఉండాలి, ఇరవయ్యే ఉన్నాయి. ఒక సూది ఈ ఇల్లు దాటి బయటికి పోయింది.”

ఆ మాట ఆయన కిటికీలోంచి గేటుకి వినపడేలా అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కడ అలారం చెయ్యి తనకి తెలియకుండానే యూనిఫారం జేబు మీదికి పోయింది.

ఇస్త్రీ సార్ చూపు కూడా చురుకైనదే. “చూశారా! సాక్ష్యం మాయం చేసింది!” అంటూ గేటువైపు నాలుగంగల్లో వెళ్ళాడు. “తియ్యమ్మా జేబులోంచి!”

ఆమె తీసింది. మూత పెట్టిన సూది ఒకటి, దూదిలో చుట్టి ఉంది.

“ఇక చెప్పడానికేం లేదు సార్. నన్ను పంపించెయ్యండి,” అంది. గొంతు లేదు, పెదాలే కదిలాయి.

బాబాయ్ అక్కడికి వెళ్ళలేదు. వంటింట్లో ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు.

“పెద్దాయనా, పెద్దావిడకి సూది ఎక్కడ వేస్తారు?”

“పొట్ట మీద బాబూ. ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు. ఒకేచోట పొడిస్తే గట్టిపడుతుందని అమ్మాయి నేర్పింది.”

“సోమవారం?”

“ఎడమ.”

“మంగళవారం?”

“పొద్దున్న అమ్మాయి కుడివైపు వేసింది. అందుకే నేను...” ముసలాయన ఆగిపోయాడు.

“అందుకే మీరు ఎడమవైపు వేశారు,” అన్నాడు బాబాయ్ మెల్లిగా.

గుమ్మంలో ఇస్త్రీ సార్ నిలబడిపోయాడు. గేటు దగ్గర్నుంచి ఏడుపు వినపడింది.

“చెప్పొద్దన్నాను తాతయ్యా! చెప్పొద్దన్నానుగా!”

“నువ్వు ఊరుకో అమ్మా,” అన్నాడు ముసలాయన. “మూడు రోజుల్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బాబూ, దాని తప్పేం లేదు. వేసింది నేనే. అది వచ్చి చూసి, ఆ సూది చూడగానే గ్రహించింది. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. నాకు మతి పోతోందని తెలిస్తే నన్నో చోట, మా ఆవిడనో చోట పెడతారు. యాభై రెండేళ్ళు ఒక్క కప్పు కింద ఉన్నాం. దానికి నా గురక వినపడకపోతే నిద్ర పట్టదు. ‘నేను మా ఊరు వెళ్ళిపోతాను తాతయ్యా, మీరు ఎక్కడికి వెళ్తారు’ అంది ఈ పిచ్చితల్లి.”

బాబాయ్ తన కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దొంగల్ని కాపాడేవాళ్ళని చూశాడు, డబ్బుని కాపాడేవాళ్ళని చూశాడు. పరాయి దేశంలో ఒక ముసలివాడి గురకని కాపాడటానికి తన బతుకు పోగొట్టుకునే పిల్లని చూడటం ఇదే మొదలు.

ఈసారి ఇస్త్రీ సార్ గొంతులో పెళపెళ లేదు. “అయితే... మతిమరుపు కేసు. రాయక తప్పదు.”

“ఆగండి,” అన్నాడు బాబాయ్. “మతిమరుపా? సోమవారం ఎడమ, మంగళవారం కుడి అని ఠకామని చెప్పిన మనిషికా? పెద్దాయనా, పొద్దున్న అమ్మాయి సూది వేసిన సంగతి మీకు సాయంత్రం గుర్తుందా, లేదా?”

“గుర్తుంది. ఇప్పటికీ గుర్తుంది.”

“మరి మళ్ళీ ఎందుకు వేశారు?”

ముసలాయన ఆశ్చర్యంగా చూశాడు, ఇంత చిన్న సంగతి అడుగుతాడేమిటన్నట్టు. “ఆసుపత్రివాళ్ళు వెయ్యలేదన్నారు కదా బాబూ! ఫోన్‌లో చెప్పారు. అంత పెద్ద ఆసుపత్రి తప్పు చెబుతుందా? నాదే పొరపాటు, నిన్నటి సంగతి ఇవాళ్టిదనుకుంటున్నానేమో అనుకున్నాను. ఈ వయసులో మనమీద మనకే నమ్మకం ఉండదు.”

“ఫోనా? ఎన్నింటికి?”

ముసలాయన జవాబు చెప్పేలోపే గోడ మీద టెలిఫోను మోగింది.

ముగ్గురూ దానివైపు చూశారు. బాబాయ్ చేతి గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఆయన రిసీవర్ ఎత్తి, ముగ్గురికీ వినపడేలా గాల్లో పట్టుకున్నాడు. మనిషి గొంతు కాదు, రికార్డు చేసిన గొంతు. నిదానంగా, తియ్యగా ఉంది.

“నమస్కారం. ఇది ఆసుపత్రి నుంచి. మీ ఇంట్లో రోగికి ఈరోజు ఇన్సులిన్ డోసు పడలేదు. దయచేసి వెంటనే వెయ్యండి. ధన్యవాదాలు.”

“మా ఆవిడ ఆసుపత్రిలోనే ఉందిగా! నిన్నా మొన్నా ఈ వేళకి నేనూ అక్కడే ఉన్నాను.” అన్నాడు ముసలాయన అయోమయంగా.

“ఆ యంత్రానికి ఆ సంగతి తెలీదు,” అన్నాడు బాబాయ్. “దానికి తెలిసింది ఒక్కటే. కంప్యూటర్లో డోసు ఎక్కిందా లేదా. మంగళవారం మేడమ్ సెలవు, సంతకం లేదు, డోసు ఎక్కలేదు. నాలుగున్నరకి ఇక్కడ ఫోను మోగింది. పెద్దాయనా, మీ మతి బంగారంలా ఉంది. మీరు మిమ్మల్ని నమ్మలేదు, అంతే.”

ముసలాయన బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. “అయితే... నాకు మతి పోవడం లేదా?”

“లేదు. మీ ఇద్దర్నీ ఎవరూ ఎక్కడికీ పంపరు.”

ఆ మాట పూర్తయ్యేసరికి బాబాయ్ చూపు ఇస్త్రీ సార్ చంక మీద పడింది. ఆరు నీలం ఫైళ్ళు.

“సార్,” అన్నాడు. “ఇవాళ ఆరుగురి చార్టులూ మీ దగ్గరే ఉన్నాయి. పదకొండింటి నుంచీ.”

ఇస్త్రీ సార్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఫైళ్ళు జారి నేలమీద పడ్డాయి. ఇవాళ ఆరుగురు పిల్లలు వేసిన ఏ డోసూ కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఆ తియ్యటి గొంతు ఇప్పుడు ఒక్కో ఇంటికీ వరసగా ఫోను చేస్తోంది. పొద్దున్న సూది పడ్డ ప్రతి ఇంట్లోనూ మళ్ళీ వెయ్యమంటోంది. ఎలా వెయ్యాలో ఆ ఇళ్ళవాళ్ళకి ఈ పిల్లలే నేర్పారు.

“మొత్తం ఎన్ని ఇళ్ళు?” బాబాయ్ కిటికీలోంచి అరిచాడు.

“పదకొండు!” అలారం గేటు పట్టుకుని ఊపుతూ చెప్పింది. “ఈ వీధిలోనే ఇంకో నాలుగున్నాయి బాబాయ్ గారూ! తక్కినవి మావాళ్ళవి, వాళ్ళు ఫోనెత్తితే పరిగెడతారు!”

బాబాయ్ అప్పటికే హాస్టల్ పిల్లల నంబర్లు నొక్కుతున్నాడు. ఇస్త్రీ సార్ గోడ ఫోనులో ఆఫీసుకి, “ఆ యంత్రం ఆపండి! ఎలా ఆపాలో తెలిసినవాడెవడో వెతకండి! ముందు తీగ పీకెయ్యండి!” అని అరుస్తూనే గేటువైపు తిరిగాడు.

“నా ఆర్డరు సంగతి వదిలెయ్యమ్మా. వెళ్ళు! నువ్వే వెళ్ళు!”

అలారం ఆ మాట కోసం ఆగలేదు. అప్పటికే వీధి మధ్యలో ఉంది. గుండెల మీద గడియారం ఎగిరెగిరి పడుతోంది. మూడు రోజులుగా మూగబోయిన గొంతు, తెల్లవారితే హాస్టల్ మొత్తాన్ని లేపే ఆ గొంతు, ఒక్కసారిగా విచ్చుకుంది.

“వెయ్యొద్దు! పొద్దున్నే వేసేశాను! ఎవరూ వెయ్యొద్దు!”

వీధికి అటూ ఇటూ కిటికీలు తెరుచుకున్నాయి. మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ తలుపు తీసి, చేతిలో ఇన్సులిన్ పెన్ను అలాగే పట్టుకుని, “ఏమైందమ్మా?” అంది. ఇంకా వెయ్యలేదు. రెండో ఇంట్లోంచి ఫోను మోగుతున్న చప్పుడు వస్తోంది, ఎవరూ ఎత్తలేదు. అలారం వాటిని దాటి పరిగెత్తింది. చివరింట్లో ఉన్నది చెవులు వినపడని అవ్వ, ఆవిడకి సూది వేసే మనవరాలు. ఆ పిల్లకి మొన్ననే నేర్పింది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో అంత చురుకైన పిల్ల ఈ పదకొండు ఇళ్ళలో ఇంకొకతె లేదని అప్పుడు మురిసిపోయింది కూడా.

ఆ ఇంటి తలుపు తోసేసరికి లోపల ఫోను మోగడం లేదు. బల్ల మీద రిసీవర్ పక్కకి తీసి పెట్టి ఉంది. మనవరాలు అక్కడ లేదు, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. అందులోంచి ఆ తియ్యటి గొంతు సన్నగా, “ధన్యవాదాలు,” అంటోంది.